ఎడమ చక్రం

తప్పు డ్రైవరుదేనని చెప్పడానికి ఆంథోనికి చక్రం విప్పాల్సిన అవసరం కూడా ఉండదు. టేకులపల్లిలో రోడ్డు పక్కన ఇరవై రెండేళ్ళుగా షెడ్డు నడుపుతున్నాడు. క్లచ్చు కాలిపోతే డ్రైవరు పెడల్ మీద నుంచి కాలు తియ్యడు. ఇంజను వేడెక్కితే డ్రైవరు నీళ్ళు చూసుకోడు. స్ప్రింగు పట్టీ విరిగితే డ్రైవరుకు గుంత కనపడదు. ఆ చుట్టుపక్కల బండ్లున్నవాళ్ళకు ఇదొక పద్ధతిగా స్థిరపడిపోయింది. బండి చెడితే ఓనరు వచ్చి షెడ్డు ముందు కుర్చీలో కూర్చుంటాడు. డ్రైవరు చేతులు కట్టుకుని బండి పక్కన నిలబడతాడు. మెకానిక్ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ తప్పెవరిదో ఒక్క ముక్కలో చెబుతాడు. ఆ ముక్క మీద అప్పీలు లేదు. జడ్జీలకు ఎంత జీతమిస్తారో గానీ, ఆ ముక్క చెప్పేటప్పుడు ఆంథోనికి కలిగే సుఖం వాళ్ళకు ఉండదు.

2006 మే నెలలో ఒక గురువారం, కుర్చీలో కూర్చున్నది బసవపున్నయ్య. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ మిరప, పత్తి వేయిస్తున్న పెద్ద రైతు. ఆయన సాగుచేసే భూమి ఎవరి పేరు మీద ఉందని ఎవరూ అడగరు, అడిగినా ఆయన చెప్పడు. బండి పక్కన నిలబడ్డది రెడ్యా. ఎనిమిదేళ్ళుగా ఆయన దగ్గర డ్రైవరు. ఇద్దరికీ మధ్య, ఎడమ ముందు చక్రం లేకుండా జాకీ మీద ఒరిగి ఉన్నది ఆయన తెల్ల అంబాసిడర్.

అంబాసిడర్ అనేది పేరుకే. ఇంజను జీపుది. ముందు చక్రాల హబ్బులు, డిస్కు బ్రేకులు, వాటిని మోసే ఇరుసులు మణుగూరు వైపు వేలంలో తుక్కు కింద వచ్చిన ఇంకేదో కారువి. మూడేళ్ళ కింద ఈ మార్పులన్నీ చేసింది ఆంథోనే. బండి తనదైనట్టే మాట్లాడతాడు. దాన్ని పొగిడితే తన గొప్ప, చెడితే డ్రైవరు పాపం.

అతను హబ్బు లోపల వేలు పెట్టి తిప్పాడు. గ్రీజు తారులా నల్లబడింది. ఇరుసు మీద నుంచి కోను లాగి చూశాడు. చక్రం బేరింగులో రెండు ముక్కలుంటాయి: హబ్బులో కూర్చునేది కప్పు, ఇరుసు మీదికి జారేది కోను. కోను చుట్టూ రోలర్లుంటాయి. ఈ కోను రోలర్లు కాలి నీలి రంగుకు తిరిగాయి. ఇరుసును కిరోసిన్ గుడ్డతో గబగబా తుడిచి, దానికి వీపు అడ్డం పెట్టి, బసవపున్నయ్య వైపు తిరిగాడు.

"నీళ్ళల్ల దింపుతడు సార్. వాగు దాటిన బండికి చక్రం విప్పి మళ్ల గ్రీజు పెట్టియ్యాలె. వీనికి గా తెలివి ఏడుంది."

"ఎండకాలం వాగుల నీళ్ళేడియి అన్నా" అన్నాడు రెడ్యా, నెమ్మదిగా.

మాట నిజమే. వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు. అయినా ఆంథోని విననట్టే చేతులు తుడుచుకున్నాడు. బసవపున్నయ్య కూడా వినలేదు. ఓనర్లకు డ్రైవరు మాట ఇంజను చప్పుడులో కలిసిపోతుంది.

"ఫిబ్రవరిలో ఒకటి మార్చాం, ఏప్రిల్‌లో ఒకటి మార్చాం. ఇదిగో ఇప్పుడు మళ్ళీ" అన్నాడాయన. "మా బావమరిది కొడుకు జయప్రకాశ్ ఖాళీగా ఉన్నాడు. లైసెన్సు కూడా ఉంది. ఈసారి వేసింది కూడా పోయిందా, నీ దారి నువ్వు చూసుకోరా రెడ్యా. ఎనిమిదేళ్ళు చేశావని చూడను."

రెడ్యా తల ఊపాడు. అతనికి ఆ స్టీరింగు తప్ప వేరే ఆధారం లేదు. ఆ సంగతి కుర్చీలో ఉన్నాయనకు తెలుసు, గుడ్డ పట్టుకున్నవాడికీ తెలుసు.

ఆయన వెళ్ళాక ఆంథోని కాలిన కోను మీద నంబరు కోసం చూశాడు. అక్షరాలు అరిగిపోయాయి. కుడి చక్రం కూడా విప్పాడు. ఆ కోను బాగానే ఉంది, నంబరు స్పష్టంగా ఉంది. సిగరెట్టు పెట్టె చింపి దాని మీద రాసుకున్నాడు.

రెడ్యా పక్కకు వచ్చి నిలబడ్డాడు. "అన్నా, కుడి దాని నంబరు ఎడమ దానికి నడవది గావచ్చు. బండి మార్చినప్పుడు ఎడమ ఇరుసు గీతలు పడ్డదని అదొక్కటే లేత్‌కు పంపినవ్. కొత్తగూడెం దాకా నేనే మోసుకపోయిన. లేత్ మిషనాయన అరగదీసి, తన తాన ఉన్న కోను ఒకటి దానికి కూర్చోబెట్టి ఇచ్చిండు."

ఆంథోనికి అది గుర్తు లేకపోలేదు. లీలగా గుర్తుంది. కానీ తను చేసిన పని తనకు రెడ్యా గుర్తు చేయడమా?

"బండికి ఎడమైనా కుడైనా ఒక్కతీరుగనే ఉంటయ్" అన్నాడు. "స్టీరింగు తిప్పేటోనివి స్టీరింగు తిప్పు."

మర్నాడు ఇద్దరూ ఇల్లందు మీదుగా బస్సులో ఖమ్మం వెళ్ళారు. ఆంథోని కిటికీ పక్కన కూర్చున్నాడు. రెడ్యా నిలబడే వచ్చాడు. అతని చొక్కా జేబు ఏదో బరువుకు కిందికి సాగి ఉంది. ఆంథోని అది చూశాడు గానీ ఏమిటని అడగలేదు. డ్రైవర్ల జేబుల్లో ఏముంటుంది, తంబాకు డబ్బా తప్ప.

బేరింగుల దుకాణంలో కౌంటరు దగ్గర ఎప్పుడూ ఉండే ముసలాయన లేడు. చర్చిలో ఆంథోనికి తెలిసిన జయరాజ్ కూతురు దీవెన ఉంది. ముదిగొండ నుంచి రోజూ వచ్చిపోతుంది. పాలిటెక్నిక్ చదివిందట. అంగుళంలో వెయ్యో వంతు కూడా చూపించే వెర్నియర్ కాలిపర్ ఒకటి ఆమె మోచేతి దగ్గర మెత్తటి గుడ్డ మీద పెట్టి ఉంది. దాన్ని చూడగానే ఆంథోనికి ఒళ్ళు మండింది. పని చేతకాని వాళ్ళకే కొలబద్దలు కావాలని అతని సిద్ధాంతం.

సిగరెట్టు అట్టముక్క కౌంటరు మీదికి తోశాడు. ఆమె నంబరు చదివింది.

"ఏ బండికి అంకుల్?"

"అంబాసిడర్."

"ఈ నంబరు అంబాసిడర్‌ది కాదు. హబ్బులు మార్చారా?"

"నేనే మార్చిన."

"అయితే నంబరును నమ్మొద్దు అంకుల్. శాంపిల్ తెచ్చారా? పోనీ, ఇరుసు లావెంతో కొలిచారా? రెండు పక్కలా? ఒకే కప్పుకు లోపలి సైజులు వేరే ఉన్న కోనులు వస్తయి. కప్పు మంచిగనే కూర్చుంటది, కోను దగ్గర తేడా కొడ్తది. చూస్తే తెలవదు."

దుకాణంలో ఇంకో ఇద్దరు ముగ్గురు కొనేవాళ్ళున్నారు. వాళ్ళు ఇటు తిరిగి చూశారు. ఆంథోని చెవులు ఎర్రబడ్డాయి.

"మీ నాయిన చర్చిల పాటల పుస్తకాలు పంచుతడు గద" అన్నాడు. "ఆయన బిడ్డవు నాకు బేరింగు నేర్పుతవా? నేను షెడ్డు పెట్టిననాటికి నువ్వు పుట్టనేలే."

"అవును అంకుల్, పుట్టలేదు" అంది దీవెన. లోపలికి వెళ్ళి ఆ నంబరు పెట్టె తెచ్చి ముందు పెట్టింది.

ఆంథోని గెలిచినవాడిలా పెట్టె చంకలో పెట్టుకుని ఎదురుగా ఉన్న టీకొట్టుకు వెళ్ళాడు. రెడ్యాను పిలవలేదు. టీ తాగుతూ దుకాణం అద్దంలోంచి చూస్తే, రెడ్యా ఇంకా కౌంటరు దగ్గరే వంగి ఏదో చెబుతున్నాడు. జేబులోంచి ఏదో తీశాడు. ఆ పిల్ల వెర్నియర్ చేతిలోకి తీసుకుంది. కాసేపటికి లోపలికెళ్ళి వచ్చింది. ఉద్యోగం పోయేలా ఉంది, ఇక్కడ మూటలు మోసే పని దొరుకుతుందేమో అడుక్కుంటున్నాడనుకున్నాడు ఆంథోని. అడుక్కోనీ. మోసే పనికి వీడే తగినవాడు.

శనివారం పొద్దున ఎండ ముదరకముందే పని మొదలుపెట్టాడు. పాత కప్పును కొట్టి బయటికి తీసి, కొత్త కప్పును పాత దాని సాయంతో చుట్టూ సమంగా తట్టుకుంటూ హబ్బులో దింపాడు. కప్పు అడుగును తాకగానే సుత్తి చప్పుడు మారింది. చక్కగా కూర్చుంది. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, కోను అంచును దానికి ఒత్తుతూ రోలర్ల సందుల్లోంచి గ్రీజు పైకి ఉబికేదాకా నింపాడు. ఈ పని చేసేటప్పుడు ఆంథోనిని చూస్తే ఎవరికైనా గౌరవం కలుగుతుంది. నోరు విప్పితేనే అది పోతుంది.

కోనును ఇరుసు మీదికి తోశాడు. అది జారి వెళ్ళి, నిలబడి, వేలితో తాకితే అటూ ఇటూ ఊగింది.

"ముందు చక్రం కోను కొంచెం జారుగనే ఉండాలె" అని తనలో తనే అన్నాడు. అది నిజమే. అయితే జారడం వేరు, ఊగడం వేరు. తండ్రి చెప్పుల్లో పిల్లవాడి కాలులా ఉంది అది. ఆ తేడా అతని వేళ్ళకు ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. ఫిబ్రవరిలోనూ తెలుసు, ఏప్రిల్‌లోనూ తెలుసు. అప్పుడు చేసిన పనే ఇప్పుడూ చేయబోయాడు. కోను బయటికి తీసి, మొనదేలిన సెంటర్ పంచ్, సుత్తి అందుకున్నాడు. మొనతో ఇరుసు మీద నాలుగు చుక్కలు పొడిస్తే చుక్క చుట్టూ ఇనుము కొంచెం లేస్తుంది. దాని మీద వదులు కోను బిగుసుకున్నట్టు కనిపిస్తుంది. నెల తిరిగేసరికి ఆ లేచిన ఇనుము అణిగిపోతుంది, కోను తిరుగుతుంది, కాలుతుంది. ఇది తెలియని మెకానిక్ లేడు. తెలిసీ చేయని మెకానిక్కులు మాత్రం ఆ రోడ్డు మీద తక్కువే.

ఇరుసు మీద పాత చుక్కలు ఎనిమిది, అణిగి మెరుస్తున్నాయి. పంచ్ ఎక్కడ పెట్టాలో చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

"అన్నా" అన్నాడు రెడ్యా. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పాడు. అందులో ఇంకో కోను ఉంది, నూనె ఇంకా ఆరని కొత్తది. "గిది ఒక్కపారి పెట్టి చూడు."

"ఏడిది ఇది?"

"గా పిల్లే ఇచ్చింది."

ఆంథోని సుత్తి పట్టుకున్న చేత్తోనే అతన్ని పక్కకు జరగమన్నాడు. రెడ్యా జరగలేదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి జరగలేదు. కోను పట్టుకున్న చెయ్యి చాచే ఉంచాడు. ఆంథోనికి ఒకవైపు ఎనిమిది చుక్కలు, ఒకవైపు ఆ చెయ్యి. చివరికి, పనికిరాదని చూపించి మొహాన కొట్టడానికే అన్నట్టు, దాన్ని విసురుగా లాక్కున్నాడు.

ఇరుసుకు రెండు చుక్కల నూనె పూసి కోను పెట్టాడు. అది సగం దాకా వెళ్ళి ఆగింది. రెండు బొటనవేళ్ళతో నొక్కితే మెల్లగా, గాలి పోయినంత మెత్తగా వెళ్ళి అడుగున ఆనుకుంది. వేలితో తాకాడు. ఊగలేదు. చక్రం ఎక్కించి, నట్టు బిగించి, కొంచెం వదిలి, పైనా కిందా పట్టుకుని కుదిపాడు. కొండరాయిని కుదిపినట్టుంది. తిప్పితే చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది.

అతనికి సిగ్గేసింది. దానికంటే ముందు కోపం వచ్చింది. సిగ్గు తర్వాత వచ్చినా అది పోలేదు.

"నీకెట్ల తెల్సు?" అన్నాడు, చక్రం వైపే చూస్తూ.

"మూడేండ్లు నడిచిన పాత కోను ఫిబ్రవరిల నువ్వు బయట పారేసినవ్ గద. నేను ఏరుకపోయిన. మా ఇంటామె సక్రి పాలగిన్నె మూత మీద బరువు పెట్టుకుంటది. గదే పట్కపోయి చూపించిన. ఆ పిల్ల కొలిచింది. ఇది ఇంచు సైజు, నువ్వు రాసిచ్చిన నంబరుది మిల్లీమీటరు సైజు, రెంటికీ అర మిల్లీమీటరు తేడా గూడ లేదన్నది."

"మరి గప్పుడే నాకు చెప్పకపాయె."

"నీ ముందర చెప్తే నువ్వు రెండోది తీసుకోవన్నది."

"ఊకెనే ఇచ్చిందా?"

"లైసెన్సు పెట్టి వచ్చిన. రెండిట్ల ఏది మిగిల్తే అది తెచ్చిచ్చి తీస్కపొమ్మన్నది."

ఆంథోని వదులు కోను గుడ్డతో తుడిచి పక్కన పెట్టాడు. సాయంత్రం బసవపున్నయ్య వస్తాడు. నిజం చెప్పేద్దామని నిర్ణయించుకున్నాడు. ఆ నిర్ణయంతో అతని మనసు ఎంత తేలికపడిందంటే, మధ్యాహ్నానికి అది తన మంచితనంలాగే కనిపించడం మొదలైంది. తన ఒక్క మాటతో రెడ్యా ఉద్యోగం నిలబడుతుంది. రెడ్యా జన్మంతా తల్చుకుంటాడు. మారిన మనిషిలో కూడా పాత మనిషే కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు.

బసవపున్నయ్య మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చాడు. నడిపింది జయప్రకాశ్. పాతికేళ్ళవాడు, దిగగానే అంబాసిడర్ అద్దంలో జుట్టు సరిచేసుకున్నాడు. బసవపున్నయ్య కుర్చీలో కూర్చున్నాడు. రెడ్యా తన చోట తను నిలబడ్డాడు.

ఆంథోని చేతులు తుడుచుకున్నాడు. "తప్పు రెడ్యాది కాదు సార్. నాది."

మూడేళ్ళ కిందటి లేత్ పని దగ్గర్నుంచి ఎనిమిది చుక్కల దాకా అంతా చెప్పాడు. చెప్పి, వదులు కోను తీసుకెళ్ళి ఆయన అరచేతిలో పెట్టాడు. బసవపున్నయ్య దాన్ని రెండుసార్లు ఎగరేసి చూసి, తిరిగి ఇచ్చేసి, జేబురుమాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. తర్వాత నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చిందాయనకు.

"ఇన్నేళ్ళుగా డ్రైవర్లను తిట్టినవాడివి, ఇవాళేంటయ్యా ఈ జాలి? వీడేమన్నా కాళ్ళ మీద పడ్డాడా?"

"జాలి కాదు సార్. చక్రం విప్పి చూపిస్త. చుక్కలు ఉన్నయ్."

"చుక్కలు చూసి నేనేం చేసుకోను? జయప్రకాశ్‌కు మాటిచ్చేశాను. ఇవాళ అమావాస్య, బండి కదపను. రేపు పొద్దున వాడొచ్చి తీసుకెళ్తాడు." కుర్చీలోంచి లేచాడు. "వాడి చేతిలో కూడా చక్రం పోయిందనుకో, తప్పు నీదేనని నేనే ఒప్పుకుంటా. పోలేదనుకో, ఎవరిదో ఊరందరికీ తెలుస్తుంది. ఇంతకంటే న్యాయం ఏం కావాలి?"

ఇరవై రెండేళ్ళుగా తన మాటకు అప్పీలు లేదనుకున్నాడు ఆంథోని. ఆ మాట వాళ్ళకు కావాల్సిన మాట కాబట్టే లేదు. ఒక్కసారి అది వాళ్ళకు అక్కర్లేని మాట అయ్యేసరికి, బేరింగు మీద దుమ్ములా తుడిచేశారు.

రెడ్యా తాళాలు ఇచ్చేశాడు. ముందు తలుపు తీసి, సీటు కింద నుంచి తన తువ్వాలు, నీళ్ళ సీసా తీసుకున్నాడు. తువ్వాలుతో స్టీరింగును ఒకసారి చుట్టూ తుడిచి తలుపు వేశాడు. జయప్రకాశ్ ఆ తాళాలను వేలికి తగిలించుకుని తిప్పుతూ మోటారు సైకిలు దగ్గరికి నడిచాడు.

వాళ్ళు వెళ్ళాక రెడ్యా బస్సు కోసం షెడ్డు దగ్గరే ఆగాడు, ఆంథోని స్టూలు మీద కూర్చున్నాడు. వదులు కోను ఆంథోని చేతిలో ఉంది. బసవపున్నయ్య ఏం చేసి వెళ్ళాడో ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. చక్రం ఇక పోదు. సరైన కోను పడింది, ఇంకో మూడేళ్ళు మాట్లాడదు. అది మాట్లాడనన్నాళ్ళూ తప్పు రెడ్యాదే. ఆ కోను తెచ్చి బండిని బాగుచేసినవాడే, ఆ కోను వల్లనే దోషి అవుతాడు. జయప్రకాశ్‌కు చక్కగా నడుపుతాడని పేరొస్తుంది.

ఆంథోని లేచి జాకీ మళ్ళీ బండి కిందికి తోశాడు. చక్రం నట్లకు స్పానరు తగిలించాడు.

"ఏం చేస్తున్నవ్ అన్నా?" అన్నాడు రెడ్యా.

"వదులుదే పెడ్త. నెల తిరగకముందే ఊళ పెడ్తది. గప్పుడు ఆయన నోటితోనే చెప్పిస్త." ఆంథోని స్పానరును గట్టిగా నొక్కాడు. "నీ కోసమేరా నేను చేసేది."

రెడ్యా దగ్గరికి వచ్చాడు. "ఎల్లుండి సారు భార్య నిర్మలమ్మ మనుమలను ఎక్కించుకొని భద్రాచలం పోతది. ఇద్దరు చిన్నపిల్లలు. దారిల ఘాటు రోడ్డు ఉన్నది."

ఆంథోని స్పానరు మీద చేతులు అలాగే ఉంచాడు.

"గది నాకియ్యి" అన్నాడు రెడ్యా, అరచెయ్యి చాచి. "నా లైసెన్సు దాని మీద ఉన్నది."

ఆంథోని కోను అతని చేతిలో పెట్టాడు. రెడ్యా దాన్ని అదే కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నాడు. జేబు మళ్ళీ కిందికి సాగింది. తప్పు ఒప్పుకున్నందుకు ఒక మాట అంటాడేమోనని ఆంథోని ఎదురుచూశాడు. ఇల్లందు బస్సు హారను వినపడితే రెడ్యా రోడ్డు మీదికి వెళ్ళి చెయ్యెత్తాడు.

సోమవారం పొద్దున అంబాసిడర్ షెడ్డు ముందు నుంచి భద్రాచలం వైపు వెళ్ళింది. నిర్మలమ్మ వెనక కూర్చుంది, పిల్లలిద్దరూ కిటికీలోంచి చేతులు బయటపెట్టారు. జయప్రకాశ్ అవసరం లేకపోయినా హారను కొట్టాడు. ఆంథోని పని ఆపి చెవి పెట్టి విన్నాడు. ఎడమ చక్రంలో ఏ చప్పుడూ లేదు. తన చేతిలో ఇంత శుభ్రంగా కుదిరిన బేరింగు ఇంకోటి లేదు. అది అతన్ని ఏడిపించినంత పని చేసింది. పది రోజులకే టీకొట్టు దగ్గర అనడం మొదలుపెట్టారు: డ్రైవరును మార్చంగనే చక్రం బాగైందంట.

జూన్ నెలాఖరున బొజ్జయ్య అనే అతను నడిపే ట్రాలీ ఆటో ఒకటి గేరుబాక్సు పోయి షెడ్డుకు వచ్చింది. దాని ఓనరు కుర్చీలో కూర్చున్నాడు. బొజ్జయ్య చేతులు కట్టుకుని బండి పక్కన నిలబడ్డాడు.

"తప్పెవరిది ఆంథోనీ?" అన్నాడు ఓనరు.

"విప్పి చూస్తెగాని తెల్వది" అన్నాడు ఆంథోని.

ఓనరు అప్పటికే బొజ్జయ్య వైపు చూస్తున్నాడు.